ఇంటి క్షేమం, తొమ్మిది సంపుటాలు

ఆ ఆదివారం ఉదయం గొడవ నీలం బకెట్టు దగ్గర మొదలైంది.

ఆ ఇంట్లో బకెట్లు నాలుగున్నాయి. రెండు ఎర్రవి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది. చిట్టి తన తెల్లకోట్లు నీలం బకెట్టులోనే నానబెడుతుంది. ఎర్ర బకెట్టులో వేస్తే కోట్లు ఎర్రబడతాయా అని వాళ్ల అన్నయ్య ఓసారి వెటకారంగా అడిగాడు. ఎర్రబడవని ఆమెకూ తెలుసు. ఆసుపత్రిలో రోజంతా నెత్తురు పరీక్షలు చేసే మనిషికి తన కోటుకి వేరే బకెట్టు ఉండాలనిపించడం తప్పేమీ కాదని ఆమె అభిప్రాయం. ముప్ఫై ఆరేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే.

"వదినా, నా బకెట్టేది?"

"ఏ బకెట్టు?" అంది వదిన, దుప్పటి మడతపెడుతూ.

"నీలంది. నాకు ఇంకే బకెట్టుంది?"

"అదా. చిన్నమామయ్యగారింట్లో ఉంది."

చిట్టి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "ఇంట్లో నాలుగు బకెట్లుంటే పట్టుకెళ్లడానికి నాదే దొరికిందా?"

"చేతికి అదే వచ్చింది."

"ఎలా వస్తుంది చేతికి? తలుపు వెనక, కొక్కేనికి, నా తువ్వాలు కింద ఉంటుంది. పనిగట్టుకుని వెతికితే తప్ప కనపడదు."

వదిన దుప్పటి అంచులు కలిపి చూసుకుంది. అవి సరిగ్గా కలిసేదాకా ఆమె ఎవరికీ జవాబు చెప్పదు. చిట్టికి ఆమెలో ఒళ్లు మండే గుణం అదొక్కటే. నోట్లో నాలుక లేని మనిషి, పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఏం ఆలోచిస్తుందో అంతుపట్టని మనిషి.

పేపరు వెనక నుంచి అన్నయ్య గొంతు వచ్చింది. "బకెట్టుకి కూడా వాటాలా? ఆ ఇంటితో పాటు దాన్ని కూడా అమ్మేద్దాం. చెరి సగం పంచుకోవచ్చు."

ఇల్లు అన్న మాట వస్తే చాలు, ఆమె ఉన్న చోటు నుంచి లేచి వెళ్లిపోతుంది. ఈసారి కూడా వెళ్లబోయింది కానీ, నానబెట్టాల్సిన కోట్లు చేతిలో ఉన్నాయి. ఎటు వెళ్లాలో తోచక అక్కడే నిలబడిపోయింది.

వాళ్ల బాబాయి పోయి ఆ రోజుకి యాభై రెండు రోజులు. ఆయన పుస్తకాలు బైండు చేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. పన్నెండు వీధుల అవతల సన్నటి రెండంతస్తుల ఇల్లు ఆయనది. కింద పనిగది, పైన రెండు గదులు. దాన్ని అన్న పిల్లలిద్దరికీ సమానంగా రాసి పోయాడు. పక్కనున్న ఫర్నిచర్ దుకాణం ఆయన గోడౌను కోసం ఆ ఇంటి మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు. అన్నయ్య బస్సు డిపోలో టైమ్ కీపరు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఎర్ర సిరాతో రాసే ఉద్యోగం చేసీ చేసీ, తేలకుండా వేలాడే విషయం ఏదైనా ఆయనకి పంటి కింద రాయిలా ఉండేది.

"ఖాళీ ఇల్లు నెత్తి మీద బరువు," అనేవాడు. "పైపు పగలొచ్చు, దొంగ దూరొచ్చు. ఆ ఇంట్లో మనిషంటూ ఉంటే నేనెందుకు అమ్ముతాను చెప్పు?"

చిట్టికి మాత్రం ఆ ఇల్లు పోకూడదని ఉంది. ఆరేళ్ల వయసు నుంచి ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఆమె ఆ పనిగదిలోనే గడిపింది. కానీ బాబాయి పోయాక ఒక్కసారైనా ఆ గుమ్మం తొక్కలేదు. ఆయన చివరి పరీక్ష నెత్తురు ఆమె బల్ల మీదికే వచ్చింది. ఫలితం డాక్టరు కంటే ముందు ఆమే చూసింది. ఆ తర్వాత ఆ ఇంటి జిగురు వాసన తలచుకుంటేనే భయమేసేది.

"బకెట్టు కావాలంటే పద, వెళ్లి తెచ్చుకుందాం," అంది వదిన, దుప్పటి పక్కన పెట్టి. "తాళాలు నా దగ్గరే ఉన్నాయి."

"నువ్వే తెచ్చిపెట్టు."

"నేను తేను. నీ బకెట్టు, నువ్వే మోసుకో."

పదేళ్లలో వదిన ఆమెకి ఎదురుచెప్పడం అదే మొదలు. ఆ ఆశ్చర్యంలోనే చిట్టి చెప్పులేసుకుంది.

పన్నెండు వీధులు నడిచాక వదిన తాళం తీసింది. తలుపు తెరుచుకున్నాక చూస్తే, మూసి ఉన్న ఇంటి వాసన లేదు. కిటికీలు తెరిచి పెడుతున్న ఇంటి గాలి. నేల తుడిచి ఉంది. పొడవాటి బల్ల, చక్రం పిడి ఉన్న కత్తిరింపు మిషను, పుస్తకాలు బిగించే మర, దారపు ఉండలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. దేని మీదా దుమ్ము లేదు. జిగురు వాసన మాత్రం ఎక్కడో లోపలి నుంచి సన్నగా వచ్చింది. అది ఆమె అనుకున్నంత భయంగా లేదు.

"నువ్వెప్పుడు వస్తున్నావ్ ఇక్కడికి?"

"వారానికి రెండుసార్లు. మీ అన్నయ్య డిపోకెళ్లాక."

మూలన, నీళ్ల గొట్టం అతుకు కింద, నీలం బకెట్టు ఉంది. అడుగున నాలుగు వేళ్ల మందాన నీళ్లున్నాయి. పైన అతుక్కి గుడ్డ చుట్టి గట్టిగా కట్టి ఉంది. బకెట్టు పక్కనే ఒక పాత రంగు డబ్బా ఉంది. అందులోనూ కాసిని నీళ్లున్నాయి. అప్పటిదాకా చుక్కలు పట్టింది ఆ డబ్బాయేనని చూడగానే తెలుస్తోంది. చిట్టి డబ్బా వైపు చూసింది, వదిన వైపు చూసింది. వదిన బల్ల దగ్గర ఏదో సర్దుకుంటోంది.

"ఇలా రా. ఇవి చూడు."

బల్ల మీద తొమ్మిది పల్చటి పుస్తకాలు వరసగా ఉన్నాయి. ముదురు ఆకుపచ్చ గుడ్డ అట్టలు, వీపుల మీద బంగారు అక్షరాలు. ఇంటి క్షేమం, మొదటి సంపుటం. ఇంటి క్షేమం, రెండో సంపుటం. అలా తొమ్మిది దాకా.

"ఏంటివి? ఆరోగ్య చిట్కాలా?"

"మీ అన్నయ్య కూడా అలాగే అనుకున్నారు. బీరువా, పెట్టెలు, పరుపు కింద అంతా వెతికి ఇంటికి బీమా కాగితాలే లేవని తేల్చేశారు. ఈ పుస్తకాలు ఆయన ముక్కు ముందే అలమారలో ఉన్నాయి. దుమ్ము దులుపుతూ తెరిచి చూశాను."

చిట్టి మొదటి అట్ట తెరిచింది. ఇంటి బీమా పాలసీ. దానితో పాటు ఆ ఏడాది రసీదు, కంపెనీ రాసిన ఉత్తరం, అన్నీ వరసలో పెట్టి కుట్టి ఉన్నాయి. ఆమెకి నవ్వొచ్చింది. ఆ ఇంట్లోకి వచ్చిన కాగితం ఏదీ విడిగా బతకలేదు. కరెంటు బిల్లులు కూడా ఎక్కడో సంపుటాలుగా ఉండే ఉంటాయి.

"దొరికిందిగా మరి. ఇంకేం?"

"చదువు. నాలుగో పేజీ, కింది నుంచి మూడో పేరా."

చిట్టి చదివింది. ఇంట్లో అరవై రోజుల పాటు ఎవరూ నివసించకపోతే ఆ సంగతి కంపెనీకి తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆ తర్వాత జరిగే నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు.

"ఇవాళ యాభై రెండు," అంది వదిన.

"అయితే వెళ్లి చెప్పేద్దాం."

"రెండుసార్లు వెళ్లాను. పాలసీ నంబరు కావాలంటాడు కౌంటరులో ఆయన. పేరు చెప్తే ఆ పేరుతో పదహారు మంది ఉన్నారట. చిరునామా చెప్తే దొరకలేదు. మామయ్యగారు పాలసీ తీసుకున్నాక ఈ వీధి ఇంటి నంబర్లు మార్చారు కదా. నంబరు లేకుండా ఒక్క వివరం కూడా చెప్పనన్నాడు. అతన్నీ తప్పుపట్టలేం. ఎవరో దారిన పోయే ఆవిడ వచ్చి ఫలానా ఇల్లు ఖాళీగా ఉందంటే నమ్మేస్తారా?"

"నంబరు ఇందులో ఉంటుందిగా."

"ఉండాలి. చూడు."

చిట్టి మొదటి పేజీ కుడివైపు పైమూల చూసింది. పాలసీ నంబరు అని ఉంది. పక్కన అంకెల కాళ్లు మాత్రమే ఉన్నాయి. తలలు లేవు. రసీదు మీదా ఉత్తరం మీదా నంబరు ఆ మూలే, అదే గతి.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కుట్టిన పుస్తకానికి మూడు వైపులా అంచులు నున్నగా కత్తిరించాలి. బాబాయి దృష్టిలో అంచు కత్తిరించని పుస్తకం స్నానం చేయని మనిషితో సమానం. పైగా తొమ్మిదీ అలమారలో ఒకే ఎత్తున నిలబడాలి. కంపెనీ కాగితం ఒక ఏడు పొడవు, ఒక ఏడు పొట్టి. ఆయన మాత్రం ఏటా అదే కొలతకి కోసేశాడు, ఆ మూల ఏముందో చూడకుండా.

వదిన చేతిసంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. అందులో పది గడులు గీసి ఉన్నాయి. ఒక్కో గడి కింద తొమ్మిది సంపుటాల్లోనూ కనిపించిన ముక్కలు పెన్సిలుతో ఎక్కించి ఉన్నాయి.

"నంబరు ఏటా ఒకటే. కోత మాత్రం ఏటా వెంట్రుకవాసి తేడా. రెండో సంపుటంలో కాళ్లే ఉన్నాయి. ఐదో దాంట్లో నడుం దాకా ఉన్నాయి. మూడుకీ ఐదుకీ ఎనిమిదికీ కాళ్లు దాదాపు ఒకటే. నడుం దగ్గర తేడా తెలుస్తుంది. అలా ఎనిమిది అంకెలు తేలాయి. చివరి రెండూ తేలలేదు. అవి పక్క అంచు వైపు ఉన్నాయి. ఆ అంచు అన్నిట్లోనూ లోతుగా కోశారు."

చిట్టి ఆ గడులు చూస్తూ ఉండిపోయింది. సూక్ష్మదర్శిని కింద కణాలు లెక్కపెట్టడం తన ఉద్యోగం. ఆ పనికి జీతం ఇస్తారు, ఎంత ఓపికండీ అని మెచ్చుకుంటారు. ఈవిడ ఇల్లు ఊడ్చి, మొక్కలకి నీళ్లు పోసి, మొగుడికి తెలియకుండా ఇక్కడికొచ్చి, చచ్చిన అంకెల కాళ్లు కొలుచుకుంటూ కూర్చుంది. అదీ తనకి వాటా లేని ఇంటి కోసం.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"ఇంటి పేరెత్తితే లేచి వెళ్లిపోతావు. లేచిన మనిషి వెనకాల పరిగెత్తడం నాకు రాదు." వదిన ఎనిమిదో సంపుటం తీసి సరిగ్గా పెట్టింది. "ఈ పని నీకు తెలుసు, నాకు తెలియదు. కోసిన ముక్కలు ఆయన ఏం చేసేవారో అడుగుదామనుకున్నాను."

"పారేసేవాడు కాదు," అంది చిట్టి అప్రయత్నంగా.

ఆ మాట ఆమె నోటి నుంచి రాగానే చేతులకి కూడా గుర్తొచ్చింది. బల్ల ఎత్తుకి కూడా అందని రోజుల్లో, ముక్కాలిపీట ఎక్కి, మిషను దగ్గర కాగితం ముక్కలు ఏరి ఆయనకి అందించడం తన పని. పై అంచు కంటే ముందు పక్క అంచు కోసేవాడు. ఆ కోతలో మొదటి పేజీ నుంచి తెగిన ముక్క తీసి పక్కన పెట్టేవాడు. అట్ట వేసే ముందు పుస్తకం వీపుకి జిగురు రాసి, దాని మీద ఆ ముక్కే అతికించేవాడు. వీపుకి బలం అది. ఏ పుస్తకం ముక్క ఆ పుస్తకానికే వాడాలి, వేరే కాగితం అతకదు అనేవాడు.

"వీపులో ఉంటుంది," అంది. "అట్ట విప్పితే కనపడుతుంది."

వదిన బల్ల సొరుగు తెరిచి పల్చటి కత్తి తీసి చిట్టి ముందు పెట్టింది.

మొదటి సంపుటం అట్ట విప్పడం సులువుగానే అయింది. లోపల ముక్క ఉంది. కానీ జిగురు రాయిలా బిగిసిపోయింది. గీకితే కాగితం పొడి పొడిగా రాలింది. నాలుగో సంపుటం కూడా అంతే.

"ఏ జిగురు వాడేవారు?"

"పాతది. వేడి చేసేది. ఆ గిన్నె ఎత్తలేక కిందటేడు పిండి జిగురుకి మారాడు." చిట్టి వరస చివరికి చూసింది. "అది తడిపితే వదులుతుంది. కానీ దాంతో చేసింది ఒక్కటే."

తొమ్మిదో సంపుటం. ఆయన చేసిన ఆఖరి పుస్తకం. చేతులు వణకడం మొదలయ్యాక చేసింది. వీపు మీద బంగారు అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగాయి. అంచు మాత్రం ఎప్పటిలాగే కత్తితో గీసినంత సూటిగా ఉంది.

చిట్టి దాన్ని చేతిలోకి తీసుకుని, ఒరిగిన అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. వదిన తొందరపెట్టలేదు. ఓదార్చనూ లేదు. వెళ్లి నీలం బకెట్టు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. శుభ్రమైన గుడ్డ ఒకటి అందులో ముంచి, పిండి, అంచులు కలిపి మడిచి చేతికిచ్చింది.

కుట్టు తెగకుండా అట్ట విప్పింది చిట్టి. తడిగుడ్డ వీపు మీద పెట్టి, వేళ్లతో మెల్లగా అదిమింది. జిగురు వాసన లేచి గదంతా పరుచుకుంది. ఆమె కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు. కాసేపటికి కాగితం ముక్క పొరలా లేచి వచ్చింది. దాని పైకొసన, తలలతో కాళ్లతో సహా, రెండు అంకెలు.

"ఏడు," అంది. "సున్నా."

వదిన గడులు నింపింది.

మర్నాడు చిట్టి ఒక పూట సెలవు పెట్టింది. బీమా ఆఫీసు కౌంటరులో గుమాస్తా వాళ్లని చూడగానే కళ్లజోడు సవరించుకున్నాడు. "మళ్లీ వచ్చారా అమ్మా. నంబరు లేనిదే..."

వదిన నంబరు చెప్పింది. ఆయన కంప్యూటరులో కొట్టి, తెర వైపు చూసి, మొహం మార్చేశాడు.

"పుస్తకాలు కుట్టే ఆయనా? ముందే చెప్పొచ్చుగా. ఏటా వచ్చి మా ఫైళ్లు చూసి తెగ బాధపడిపోయేవారు. ఓసారి నా రిజిస్టరు ఊడిపోతే ఇంటికి పట్టుకెళ్లి కుట్టి తెచ్చారు. మూడు వైపులా నున్నగా కోసి మరీ ఇచ్చారు. ఇప్పటికీ అందులో కొన్ని పేర్లకి చివరి అక్షరాలుండవు." ఆయన నవ్వబోయి వాళ్ల మొహాలు చూశాడు. "పోయారా?"

"యాభై మూడు రోజులైందండి," అంది వదిన. "మరణ పత్రం, వీలునామా నకలు తెచ్చాను. వారసులిద్దరు. ఆయన పోయిన రోజు నుంచీ ఇల్లు ఖాళీ. వారానికి రెండుసార్లు వెళ్లి చూస్తున్నాను. నీళ్ల గొట్టం అతుకు దగ్గర చుక్క పడుతుంటే గుడ్డ చుట్టాను. పెద్ద వాల్వు కట్టేశాను. అదీ రాసుకోండి."

ముందురోజు రాత్రి పుస్తకాల సంగతి విని అన్నయ్య పదేపదే చెప్పాడు, లేనిపోనివి వాగి చిక్కుల్లో పడొద్దు, పోయిన సంగతి కూడా అవసరమైతేనే చెప్పండని. వదిన మాత్రం గుమాస్తా అడగని చుక్కల సంగతి కూడా చెప్పేసింది.

గుమాస్తా రాసుకుని, ఫారం ఒకటి తీశాడు. వారసుల పేర్లకి పాలసీ మార్చొచ్చన్నాడు. ఇల్లు ఖాళీగానే ఉండబోతుంటే మాత్రం అరవయ్యో రోజు దాటాక అగ్నిప్రమాదానికి తప్ప దేనికీ పూచీ ఉండదన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఎవరో ఒకరు ఉంటున్నారని రాసేయమంటారా? మేమెవరం వచ్చి చూడం. ఆయన మీద గౌరవం కొద్దీ చెప్తున్నా."

"వద్దండి," అంది వదిన. "ఏమీ జరగనంత కాలం మీరు రారు. ఏదైనా జరిగిన రోజు వస్తారుగా. వచ్చి చల్లటి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తే ఏం చెప్పను? ఇంట్లో ఎవరుంటారనే గడి ఖాళీగా ఉంచండి. ఉండే మనిషి దొరికితే వారం లోపు వచ్చి రాయించుకుంటాం."

ఆమె గొంతు పెంచలేదు. మిగతా గడులు తనే నింపి, ఫారం మడిచి, అంచులు కలిపి చూసుకుని, సంచిలో పెట్టింది. ఆ అంచులు కలిపే అలవాటు చూసి పదేళ్లుగా ఒళ్లు మండించుకున్న చిట్టికి, బాబాయి తన జీవితమంతా చేసిందీ అదే కదా అని అప్పుడు తట్టింది. వెంటనే ఇంకోటి కూడా తట్టింది. ఉండే మనిషి దొరికితే అన్నప్పుడు వదిన తన వైపు చూడలేదు. ఓరకంటనైనా చూడలేదు.

ఆసుపత్రి దాకా ఇద్దరూ కలిసే నడిచారు. విడిపోయే ముందు చిట్టి అడిగింది. "ఆ రంగు డబ్బా సరిపోయేదిగా వదినా. బకెట్టెందుకు?"

"సరిపోయేది," అంది వదిన, దాచే ప్రయత్నమేమీ చేయకుండా. "ఫారం నీ సంచిలోకి మార్చాను, చూసుకో."

సాయంత్రం ఏడింటికి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అన్నయ్య గడియారం చూసి మొదటి ముద్ద తీసుకున్నాడు.

"ఫర్నిచర్ ఆయన ఫోను చేశాడు. బుధవారం పదిన్నరకి వస్తాడట, కొలతలు తీసుకోవడానికి. చిట్టీ, నువ్వు కూడా ఉంటే మంచిది. సంతకం కావాలి."

"రావద్దని చెప్పు అన్నయ్యా."

"మళ్లీ మొదలెట్టావా? ఖాళీ ఇల్లు..."

"ఖాళీగా ఉండదు." చిట్టి ఎడమ చేత్తో సంచి జిప్పు లాగి, ఫారం తీసి కంచం పక్కన పెట్టింది. అన్ని గడుల్లోనూ వదిన గుండ్రటి చేతిరాత. ఒక్క గడిలో మాత్రం చిట్టి చేతిరాత. "మనిషంటూ ఉంటే ఎందుకు అమ్ముతానన్నావు. ఈ ఆదివారం నుంచి నేనక్కడ ఉంటాను. ఆదివారం అంటే యాభై తొమ్మిదో రోజు, ఆలస్యం లేదు. పై గదులు నాకు చాలు. కింద బల్లా మిషనూ కదిలించేది లేదు. అట్టలు విప్పిన పుస్తకాలు మూడున్నాయి, ముందు అవి మళ్లీ కట్టాలి. రేపు మధ్యాహ్నం వెళ్లి ఇది ఇచ్చేసి వస్తాను. వారసుడి సంతకం దగ్గర నువ్వు కూడా పెట్టాలి."

అన్నయ్య ఫారం వైపు, పెళ్లాం వైపు, మళ్లీ ఫారం వైపు చూశాడు. వదిన ఆయన కంచంలో కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, జేబులోంచి తీసినట్టు ఎక్కడి నుంచో పెన్ను తీసి ఆయన ఎడమ చేతి పక్కన పెట్టింది.

"తిన్నాక పెట్టండి," అంది. "తొందరేం లేదు. ఇంకా ఏడు రోజులుంది."

"ఇంకోటి వదినా," అంది చిట్టి. "నీలం బకెట్టు ఇక వెనక్కి రాదు. అది అక్కడే ఉంటుంది."